ఆ గురువారం గడిలో నాలుగు గీతలే

మా బాబుకి ఇప్పుడు పద్నాలుగో నెల. వాడు పుట్టిన రాత్రి గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నా, ప్రతిసారీ సగంలో ఆపేశా. మొన్న మా పిన్ని కూతురికి ఎనిమిదో నెల వచ్చింది, ఫోన్ చేసి "అక్కా, పొద్దున్నుంచీ పెద్దగా కదల్లేదే, నెలలు నిండుతున్నాయి కదా అందుకేనేమో" అంది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అక్షరాలా అదే మాట ఏడాది కిందట నేను అనుకున్నా. అందుకే ఈసారి పూర్తిగా రాసేస్తున్నా.

మొదటి కాన్పు కాబట్టి ఏడో నెలలో శ్రీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చేశా. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, శని ఆదివారాలు వచ్చి వెళ్ళేవారు. చూపించుకునేది రాజమండ్రిలో, కారులో గంట దారి.

28 వారాలు దాటాక మా డాక్టర్ మేడం కదలికలు లెక్కపెట్టడం నేర్పించారు. పొద్దున టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం భోజనం అయ్యాక, రాత్రి అన్నం తిన్నాక, ఎడమ పక్కకి తిరిగి పడుకుని గంటసేపు ఫోన్ పక్కన పెట్టేసి లెక్కపెట్టమన్నారు. తన్నినా, పొర్లినా, లోపల ఏదో దొర్లినట్టు అనిపించినా ఒకటిగా లెక్క, ఎక్కిళ్ళు మాత్రం లెక్క కాదు. గంటలో మూడు నాలుగు వస్తే బాగున్నట్టే, అనుమానం వస్తే ఇంకో గంట కూడా చూడాలి, రెండు గంటల్లో పది రాకపోతే ఫోన్ కూడా చేయకుండా నేరుగా వచ్చెయ్యమన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది నాకు అప్పుడు పెద్దగా ఎక్కలేదు. "అంకె కన్నా నీ బిడ్డ అలవాటు ముఖ్యమమ్మా. రోజూ ముప్ఫై తన్నే బిడ్డ పన్నెండే తన్నిందంటే పది దాటింది కదా అని ఊరుకోకు" అని.

నేను లెక్క రాసుకునేది మా వంటింటి గోడ మీద ఉన్న తెలుగు క్యాలెండర్‌లో. తారీఖు గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ కిక్కిరిసి ఉంటాయి కదా, వాటి పక్కన ఉన్న కాస్త జాగాలో పెన్నుతో నిలువు గీతలు. నాలుగు గీతలకి అడ్డంగా ఒకటి, పాల లెక్క రాసినట్టు. అమ్మ తిట్టేది, క్యాలెండర్ పాడు చేస్తున్నావే, వర్జ్యం కనపడట్లేదు అని.

వీడికి ఒక టైంటేబుల్ ఉండేది. తెల్లారి ఐదింటికి రామాలయంలో మైకు పెట్టగానే లేచేవాడు. మధ్యాహ్నం కాస్త నెమ్మది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా మాత్రం కుడి పక్కటెముకల కింద ఒకటే కుమ్ముడు, మా తమ్ముడు వచ్చి చెయ్యి పెట్టి "అల్లుడు కబడ్డీ ఆడుతున్నాడే అక్కా" అనేవాడు. ఆడపిల్లయితే ఏం చేస్తావురా అంటే కబడ్డీ ఆడపిల్లలు ఆడకూడదా అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 33వ వారంలో ఒకసారి కదలట్లేదని కంగారుపడి అందర్నీ కంగారుపెట్టి అర్ధరాత్రి రాజమండ్రి తీసుకెళ్ళా. తీరా అక్కడ బిడ్డ గుండె చూసే మెషీన్ బెల్టు పొట్టకి పెట్టగానే వీడు దబదబా తన్నడం మొదలెట్టాడు, అంతా బాగుంది అని పంపించేశారు. మేడం ఏమీ అనలేదు, వచ్చి మంచిపని చేశావ్ అన్నారు, కానీ ఇంట్లో వాళ్ళకి అది నెల రోజులు నవ్వుకోడానికి సరిపోయింది. చుట్టాలొస్తే చాలు ఆ కథ చెప్పేవాళ్ళు. ఆ నవ్వులే తర్వాత నా కాళ్ళకి బంధం వేశాయి.

36వ వారం స్కానింగ్‌లో బిడ్డ వయసుకి తగ్గ బరువు లేడని వచ్చింది. ఉమ్మనీరు 9 సెంటీమీటర్లు ఉంది, డాప్లర్‌లో రక్తప్రసరణ బానే ఉంది, కానీ మాయ సరిగ్గా పనిచేస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండాలి, వారం వారం రావాలి, కదలికలు మాత్రం అస్సలు వదలొద్దు అన్నారు. నేను భయపడితే అమ్మమ్మ "మీ అమ్మ కూడా పుట్టినప్పుడు ఎలక పిల్లలా ఉందే" అని తేల్చేసింది.

బుధవారం రాత్రి కబడ్డీ జరగలేదు. రెండు మూడు సార్లు మెల్లగా పక్కకి ఒత్తిగిలినట్టు అనిపించింది అంతే. నిద్రపోతున్నాడులే అనుకున్నా. గురువారం తెల్లారి మైకు మోగింది, లోపల ఉలుకూ పలుకూ లేదు. టిఫిన్ అయ్యాక గంటలో రెండు. భోజనం అయ్యాక గంటలో ఇంకో రెండు, అవి కూడా తన్నినట్టు కాదు, నీళ్ళలో చేప మళ్ళినట్టు. వెళ్ళి గడిలో గీతలు గీశా, నాలుగు. పక్క గడులన్నీ గీతలతో నిండిపోయి ఉన్నాయి, ఇదొక్కటే ఖాళీగా, వర్జ్యం చక్కగా కనబడుతూ.

అమ్మకి చెప్పా. "నెలలు నిండాక లోపల చోటుండదే, ఎక్కడ కదుల్తాడు" అంది. అమ్మమ్మ "తల కిందకి దిగిందంటే నిమ్మళంగా ఉంటుంది, అది మంచి గుర్తే" అంది. ఈ మాట ఎంతమంది నోటి వెంట విన్నానో. తర్వాత మేడం చెప్పింది ఏంటంటే, చివర్లో కదిలే తీరు మారొచ్చు, పెద్ద తన్నులు తగ్గి పొర్లడం ఎక్కువ అవ్వొచ్చు, అంతేగానీ కదలడం తగ్గకూడదు, నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదుల్తూనే ఉండాలి అని. మా అమ్మకి ఇద్దరు పిల్లలు, అమ్మమ్మకి ఐదుగురు, వాళ్ళు చెప్తుంటే నేనెవర్ని అనిపించింది.

పైగా ఆరోజు పొద్దున చతుర్దశి వెళ్ళి అమావాస్య వచ్చేసింది. శుక్రవారం ఉదయం 7-10 దాకా అమావాస్య, ఆ తర్వాత పాడ్యమి, అది కూడా ప్రయాణానికి పనికిరాదట, శనివారం విదియ, ఆరోజు ఎలాగూ చెకప్ ఉంది కదా అన్నారు. నేనూ సరే అన్నా. వాళ్ళ మీద తోసెయ్యడానికి లేదు, నేనే సరే అన్నా, మళ్ళీ నవ్వుతారేమో అని.

సాయంత్రం ఇంకో పొరపాటు చేశా. మా తమ్ముడు ఆన్‌లైన్లో తెప్పించిన చిన్న డాప్లర్ మెషీన్ ఒకటి ఉండేది, జెల్లీ రాసి పొట్ట మీద పెడితే గుండె చప్పుడు వినిపిస్తుంది. పెట్టి చూస్తే గుర్రం పరిగెత్తినట్టు టకటకటక, 140 అని చూపించింది. అందరం హమ్మయ్య అనుకుని టీ తాగాం. ఆ 140 నన్ను ఇంకో ఆరేడు గంటలు ఇంట్లో కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో ఆ మాట చెప్తే డ్యూటీ డాక్టరమ్మ తల కొట్టుకుంది. గుండె కొట్టుకోవడం ఒకటే చూస్తే సరిపోదు, బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరుగుతోందా, పొట్ట బిగిసినప్పుడు పడిపోతోందా అన్నది చూడాలి, అది ఆ బొమ్మ మెషీన్ చెప్పదు, ఒక్కోసారి తల్లి నాడినే బిడ్డ గుండె అనుకుని మురిసిపోతారు అంది. ఆ మెషీన్ని ఇంటికెళ్ళగానే పడేయించా.

రాత్రి తొమ్మిదిన్నర అయ్యింది, కబడ్డీ టైం. లేదు. పదకొండు దాకా ఎడమ పక్కకి తిరిగి పడుకున్నా, ఒకటి వచ్చినట్టు అనిపించింది, అది వాడా నా పేగులా తెలీలేదు. నిద్ర పట్టింది. పన్నెండున్నరకి మెలకువ వచ్చింది, ఎందుకో తెలీదు, పొట్ట మీద చెయ్యి వేస్తే బరువుగా ఉంది, గదిలో ఎవరో ఉండి హఠాత్తుగా వెళ్ళిపోతే ఉంటుందే అలా ఉంది. లేచి పంచదార నీళ్ళు తాగి, పొట్టని అటూ ఇటూ కదిపి, మాట్లాడి, బతిమాలి, మళ్ళీ పడుకుని లెక్కపెట్టా. మేడం చెప్పింది గుర్తుంది, కడుపులో బిడ్డ ఒక దఫా నిద్ర మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు, గంటన్నర దాటి పడుకోవడం అరుదు అని. గంట గడిచింది. సున్నా.

ఒకటిన్నరకి మా ఆయనకి ఫోన్ చేశా. ఎత్తగానే "కదల్లేదు" అన్నా అంతే. ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, "కారు తియ్యమను, నేను బస్సెక్కుతున్నా" అన్నారు. 33వ వారంలో నవ్వినవాళ్ళలో ఈయన కూడా ఉన్నారు, అందుకే ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. తర్వాత లేబర్ రూంకి ఫోన్ చేశాం. పాత సిస్టర్ ఎత్తింది, పేషెంట్ ఫైల్ తెచ్చుకోండి, దారిలో ఇంకేమీ తినొద్దు తాగొద్దు, ఎడమ పక్కకే పడుకోబెట్టి తీసుకురండి అంది. ఎందుకు ఎడమ పక్క అంటే వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకి వెళ్ళే రక్తం తగ్గుతుందట.

తమ్ముడు కారు తీశాడు. వెనక సీట్లో అమ్మ ఒళ్ళో తల పెట్టి పడుకున్నా. బయట చిమ్మచీకటి, హైవే మీద లారీల వెలుగు మాత్రం కారు పైకప్పు మీద వచ్చి పోతోంది. సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది కదా, అమ్మ అద్దం దించి పర్సులోంచి రూపాయి తీసి గోదాట్లో వేసింది. రావులపాలెం దాటాక జొన్నాడ దగ్గర గౌతమి మీద ఇంకోటి. ఏం మొక్కుకుందో నేను అడగలేదు, తను చెప్పలేదు. తన చెయ్యి మాత్రం నా పొట్ట మీదే ఉంది, అప్పటికి తనకీ అర్థమైంది.

మూడింటికి పది నిమిషాల ముందు లేబర్ రూంలో ఉన్నా. పొట్ట మీద రెండు బెల్టులు, ఒకటి బిడ్డ గుండెకి, ఒకటి గర్భసంచి బిగుసుకోవడానికి, చేతిలో ఒక స్విచ్, కదిలినప్పుడల్లా నొక్కమన్నారు. దీన్నే ఎన్ఎస్‌టీ అంటారు. కాగితం మీద గుండె వేగం గీతలా వస్తుంది, 110 నుంచి 160 మధ్యలో ఉండాలి, అంతేకాదు ఆ గీత ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉండాలి, 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు 15 పైకి లేచి 15 సెకన్లు నిలబడాలి. 33వ వారంలో వచ్చిన కాగితం కొండలు లోయలుగా ఉంది, నాకు గుర్తు. ఇప్పుడు 150 దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు వెళ్ళిపోతోంది. నా వేలు స్విచ్ మీదే ఉంది, నొక్కే పని రాలేదు.

సిస్టర్ నన్ను ఇటు తిప్పింది, అటు తిప్పింది, పొట్ట మీద బుజ్జి బజర్ లాంటిది పెట్టి మోగించింది, నిద్రలో ఉంటే ఉలిక్కిపడి లేస్తాడని. లేవలేదు. సెలైన్ ఎక్కించారు. ఇంకో 20 నిమిషాలు చూద్దాం అన్నారు. ఆ రెండో ఇరవైలో నా పొట్ట ఒకసారి గట్టిపడింది, నేను దొంగనొప్పే అనుకున్నా, నొప్పి కూడా పెద్దగా లేదు. అది తగ్గుతుండగా మెషీన్ చప్పుడు నెమ్మదించింది. టక టక టక అనేది టక... టక... అయ్యింది. అంకె 150 నుంచి 100కి దిగి, 90, మళ్ళీ మెల్లగా పైకెక్కింది. సిస్టర్ మొహం చూశా. ఆవిడ ఏమీ అనలేదు, కాగితం చించుకుని బయటికి నడిచింది, పరిగెత్తలేదు గానీ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

డ్యూటీ డాక్టరమ్మ స్కానింగ్ పెట్టి చూస్తే ఉమ్మనీరు 4కి పడిపోయింది, 5 కన్నా తగ్గితే తక్కువ కిందే లెక్క. మా మేడం ఇల్లు పక్క వీధే, పావుగంటలో జడ కూడా వేసుకోకుండా వచ్చేశారు. ఆవిడ చెప్పిన తీరు నాకు నచ్చింది, దాచలేదు, భయపెట్టలేదు. "మాయ నుంచి బిడ్డకి చాలినంత ఆక్సిజన్ అందట్లేదమ్మా. ఉన్నదాన్ని గుండెకీ మెదడుకీ దాచుకుంటున్నాడు, అందుకే కాళ్ళూ చేతులూ ఆడించడం మానేశాడు. పొట్ట బిగిసిన ప్రతిసారీ ఉన్నది కూడా కాసేపు తగ్గుతోంది, ఆ చిన్న బిగింపుకే గుండె పడిపోతోందంటే నొప్పులు తట్టుకోలేడు. ఈ మెషీన్ ఒక్కోసారి ఉత్తినే భయపెడుతుంది, అది కూడా నిజమే, కానీ కదలిక లేదు, నీళ్ళు తగ్గాయి, బరువు తక్కువ, ఇన్ని కలిశాక నేను ఆగను" అన్నారు.

అమ్మ మెల్లగా అడిగింది, "ఏడు దాటితే అమావాస్య వెళ్ళిపోతుందమ్మా, మూడు గంటలే" అని. మేడం ఆవిడ వైపు తిరిగి "మూడు గంటలు వాడికి లేవేమోనండీ" అన్నారు. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, సంతకం నా చేత పెట్టించి తను సాక్షి సంతకం పెట్టింది.

మత్తు డాక్టర్ ఎప్పుడు తిన్నావని అడిగితే ఒంటిగంటకి పంచదార నీళ్ళు అన్నా, ఆయన విసుక్కుని వాంతులకీ ఎసిడిటీకీ రెండు ఇంజెక్షన్లు ముందుగా ఇచ్చారు. ఇది తెలియక చేసే పని, కదల్లేదంటే అందరూ స్వీట్ తిను జ్యూస్ తాగు అంటారు, ఆపరేషన్ పడొచ్చని ఎవరికీ తట్టదు. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు పిల్లిలా వీపు వంచమన్నారు, ఆ పొట్టతో వంగడం ఎలాగో వంగా. తర్వాత స్పిరిట్ దూది పెట్టి చల్లగా ఉందా ఉందా అని అడుగుతూ పైకొచ్చారు, ఒక చోట నుంచి లేదు అన్నా. నొప్పి తెలీదు గానీ లోపల ఎవరో బీరువా సర్దుతున్నట్టు లాగుడు తెలుస్తూనే ఉంటుంది. తెర అవతల మేడం గొంతు వినిపించింది, "పచ్చగా ఉంది, పిల్లల డాక్టర్ రెడీయా" అని. ఉమ్మనీరు. బిడ్డ లోపలే మోషన్ వెళ్ళిపోయాడు.

4 గంటల 38 నిమిషాలకి బయటికి తీశారు. ఏడవలేదు.

పక్క టేబుల్ మీద పెట్టి తుడుస్తున్నారు, మాస్క్ పెట్టి బ్యాగ్ నొక్కుతున్నారు, నాకు పిల్లల డాక్టర్ వీపే కనిపిస్తోంది. నేను పైన లైటుని చూస్తూ అంకెలు లెక్కపెట్టా, రెండు నెలలుగా అదే పని కదా. నలభై ఏడు దగ్గర పిల్లి పిల్ల అరిచినట్టు సన్నగా ఒక ఏడుపు. తర్వాత పెద్దది. పుట్టగానే బిడ్డ ఎలా ఉన్నాడో చూసి పదికి మార్కులేస్తారు, ఆప్గార్ అంటారు, నిమిషానికి 5, ఐదు నిమిషాలకి 8 అని రాశారు. బరువు 2 కిలోల 250 గ్రాములు. ఊపిరి వేగంగా తీస్తున్నాడని మూడు రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో పెట్టారు, బరువు తక్కువ పిల్లలకి షుగర్ పడిపోతుందట, గంటగంటకీ మడమ గుచ్చి చూసేవాళ్ళు. పాలు పిండి చిన్న గిన్నెలో పంపేదాన్ని. మా ఆయన మధ్యాహ్నానికి చేరుకున్నారు, అద్దం బయటి నుంచే చూశారు.

బొడ్డు పేగు మెడకి ఒక చుట్టు ఉందని తెలియగానే చుట్టాలందరికీ కారణం దొరికేసింది, పేగు మెడకి చుట్టుకుందట అందుకే అలా అయిందట అని. మేడం మాత్రం ఆ చుట్టు చాలామంది పిల్లలకి ఉంటుంది, వాళ్ళు హాయిగా నార్మల్‌గా పుడతారు, ఇక్కడ అసలు సంగతి మాయ, చిన్నగా ఉంది, అక్కడక్కడా రక్తం ఆడక గట్టిపడిపోయింది అన్నారు. కానీ పేగు వేసుకుని పుడితే మేనమామకి గండం కదా, పదకొండో రోజు పురుడు అయ్యాక ఇత్తడి పళ్ళెంలో నూనె పోసి, అందులో వాడి నీడ చూపించి ఆ తర్వాతే మా తమ్ముణ్ణి మొహం చూడనిచ్చింది అమ్మమ్మ. వాడేమో ఆసుపత్రిలో రోజుకి నాలుగుసార్లు అద్దంలోంచి చూసేశాడు, ఆ సంగతి ఆవిడకి ఎవరం చెప్పలేదు.

మా పిన్ని కూతురికి ఆరోజు ఫోన్‌లో ఏం చెప్పానంటే, నువ్వు ఫోన్ పెట్టేసి బండెక్కు, దారిలో మాట్లాడుకుందాం అని. ఇంకా కొన్ని గుర్తుపెట్టుకోమన్నా, నీళ్ళు పోయి అవి పచ్చగానో గోధుమరంగులోనో ఉన్నా, రక్తం కనిపించినా, పొట్ట బల్లలా బిగుసుకుని వదలకపోయినా, విపరీతమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా, అరచేతులు అరికాళ్ళు రాత్రిళ్ళు ఆగకుండా దురదపెట్టినా రేపటిదాకా ఆగొద్దు అని. అది వెళ్ళింది, బెల్టు పెట్టారు, కొండలూ లోయలూ వచ్చాయి, అంతా బానే ఉంది. తిరిగొచ్చి "అనవసరంగా వెళ్ళానే, మా అత్తయ్యగారు నవ్వుతున్నారు" అంది. నవ్వనీ, రేపు మళ్ళీ కదల్లేదనిపిస్తే రేపు మళ్ళీ వెళ్ళు అన్నా.

ఆ ఏడాది అయిపోగానే అందరిళ్ళలో లాగే అమ్మ క్యాలెండర్ మార్చింది గానీ ఆ నెల కాగితం చించి మడిచి బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది. మొన్న వెళ్ళినప్పుడు చూశా. సూర్యోదయం కాకుండా పుట్టాడు కాబట్టి మన లెక్కలో గురువారమే అని అమ్మమ్మ పట్టుబట్టిందట, అందుకని అమ్మ శుక్రవారం నల్లచుక్క ఉన్న గడి వదిలేసి, గురువారం గడిలో నా నాలుగు గీతల పక్కన, వర్జ్యం మీదుగా, ఎర్ర పెన్నుతో 4-38 అని రాసింది.